దక్షిణ సూడాన్ కోసం ప్రార్థించడం, అక్కడి సంఘానికి తోడ్పడడం ఎలా?

మన సంఘాల్లో విజ్ఞాపన ప్రార్థన జరిగేటప్పుడు "ప్రభువా, ఆఫ్రికాలో ఆకలితో ఉన్న నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో" అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ మాట వెనుక ఉన్న మనసు మంచిదే. కాని ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, వందల భాషలున్నాయి, మనకన్నా ఎంతో ముందే సువార్త విన్న ప్రజలున్నారు. ఎక్కడో దూరదేశంలో కొందరు "ఆసియావారిని దీవించు" అని ప్రార్థించి లేచిపోతే, మన ఊరి చెరువుకు గండి పడిందనీ, మన పాస్టరు గారు మంచం పట్టారనీ వారికి ఎన్నటికీ తెలియదు. మనం ఆఫ్రికా కోసం చేసే ప్రార్థన కూడా చాలాసార్లు అలాగే ఖండం పేరు దగ్గర ఆగిపోతోంది.

అందుకని ఒక ప్రార్థన గుంపు ఒకే దేశాన్ని తీసుకుని, కనీసం మూడేళ్లపాటు వదలకుండా పట్టుకోవాలన్నది నా అభిప్రాయం. మా గుంపు తీసుకున్న దేశం దక్షిణ సూడాన్. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి మలావీకో, మడగాస్కరుకో కూడా పనికివస్తుంది గాని, వివరాలన్నీ దక్షిణ సూడానువే. వివరాలు లేని పద్ధతి వల్ల ప్రయోజనం తక్కువ.

ముందు ఆ సంఘాన్ని తెలుసుకోవాలి

మొదటి కూడికలోనే ఒక అపోహను సరిచేసుకోవాలి. దక్షిణ సూడాన్ సువార్త వినని దేశం కాదు. అక్కడి ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులే. కతోలిక సంఘం అన్నిటికన్నా పెద్దది, దాని తరువాత ఎపిస్కోపల్ (ఆంగ్లికన్) సంఘం, ఆ తరువాత ప్రెస్బిటేరియన్లు, ఆఫ్రికా ఇన్‌లాండ్ సంఘం, పెంతెకొస్తు సంఘాలు ఉన్నాయి. కనుక "చీకటిలో ఉన్నవారికి వెలుగు పంపు" అని ప్రార్థన మొదలుపెడితే, మనకన్నా ఎక్కువ శ్రమలు అనుభవించిన సహోదరులను తెలియకుండానే తక్కువ చేసినవారమవుతాం.

ఆ సంఘం చరిత్రను క్లుప్తంగానైనా గుంపులో అందరికీ చదివి వినిపించాలి. 1902లో అమెరికా ప్రెస్బిటేరియన్లు సోబాత్ నది దగ్గర షిల్లుక్ ప్రజల మధ్య పని ప్రారంభించారు. కొద్ది సంవత్సరాలకే ఆంగ్లికన్ మిషనరీలు బోర్ పట్టణం దగ్గర డింకా ప్రజల మధ్య స్థిరపడ్డారు. అప్పుడు ఈ ప్రాంతం సూడాన్‌లో భాగం. 1955లో ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య మొదటి అంతర్యుద్ధం మొదలైంది. 1964లో ఖార్తూం రాజధానిగా ఉన్న సూడాన్ ప్రభుత్వం దక్షిణ ప్రాంతంలోని విదేశీ మిషనరీలందరినీ వెళ్లగొట్టింది. ఇంతటితో సంఘం అంతరించిపోతుందని చాలామంది భావించారు. జరిగింది మరొకటి. 1983 నుండి 2005 వరకు సాగిన రెండవ యుద్ధంలో, పశువులు పోయి, ఊళ్లు కాలిపోయి, కెన్యాలోని కకూమా వంటి శరణార్థి శిబిరాలకు చేరిన డింకా ప్రజల్లో వేలాదిమంది ప్రభువును నమ్ముకున్నారు. వారికి సువార్త చెప్పినవారిలో అత్యధికులు స్థానిక ప్రబోధకులు, స్త్రీలు, యౌవనస్థులే. చేతిలో చెక్క సిలువలు పట్టుకుని, సొంత బాణీల్లో తాము కట్టుకున్న కీర్తనలు పాడుతూ వారు ఊరేగేవారు. మిషనరీలు వెళ్లిపోయాకే ఎక్కువగా ఎదిగిన సంఘం అది. మనం దాని పక్కన నిలబడడానికి వెళ్తున్నామే గాని దానికి పునాది వేయడానికి కాదు.

లేఖనాల్లోనూ ఆ నేలకు చోటుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథంపై యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్లిన నపుంసకుడు కందాకే రాణి కొలువులోని అధికారి. ఆ రాణుల రాజధాని మెరోయే నేటి సూడాన్ దేశంలో, నైలు నది ఒడ్డున ఉంది. యెషయా 18వ అధ్యాయంలో కూషు నదుల ఆవల నివసించే ఎత్తైన ప్రజల గురించి ఉన్న మాటలు తమను గురించినవేనని దక్షిణ సూడాన్ విశ్వాసులు ఎంతో ప్రీతితో చెప్పుకుంటారు. వ్యాఖ్యాన పండితులు దానిపై ఏమన్నా, ఒక జనాంగం తన పేరును వాక్యంలో వెదుక్కోవడంలోని ఆశను మనం గౌరవించాలి. ఆ అధ్యాయాన్ని మొదటి కూడికలో చదవడం మంచి ఆరంభం.

గుంపును ఏర్పాటు చేసుకోవడం

అయిదుగురు చాలు. ఇరవైమందితో మొదలుపెట్టి మూడు నెలలకు నలుగురు మిగలడం కన్నా, అయిదుగురితో మొదలుపెట్టి మూడేళ్లకు అయిదుగురూ ఉండడం మేలు. వారానికి ఒక రోజు, ఒక గంట నిర్ణయించుకోవాలి. ఆ దేశ రాజధాని జూబా మనకన్నా మూడున్నర గంటలు వెనుక ఉంటుంది గనుక, మనకు రాత్రి ఏడున్నర అయినప్పుడు అక్కడ సాయంత్రం నాలుగు. అక్కడ ఆదివారం ఉదయం తొమ్మిదికి ఆరాధన మొదలయ్యే వేళకు మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, అంటే మన ఆరాధన ముగిసి ఇళ్లకు చేరే సమయం. ఆ గడియలో అన్నానికి కూర్చునే ముందు ఒక్క నిమిషం వారిని తలచుకోవడం ఏ కుటుంబానికైనా సాధ్యమే.

గోడకు ఒక పెద్ద పటం కావాలి. జూబా, బోర్, మలకాల్, బెంతియు, వావ్, యాంబియో, యేయి, రెంక్, పిబోర్ అనే పేర్లను అందరూ తడబడకుండా పలకగలిగేవరకు చదివించాలి. డింకా, నుయేర్, షిల్లుక్, బారి, జాండే, ముర్లే మొదలైన ప్రజల పేర్లు కూడా అంతే. ఇదంతా బడి పాఠంలా తోచవచ్చు. కాని పేరు నోటికి రానివారి కోసం చేసే ప్రార్థన నాలుగు వారాల్లో పాత వాక్యాలకే తిరిగి వస్తుందని మా అనుభవం.

ఒక నోటు పుస్తకం పెట్టి, ఎడమ పేజీలో తేదీ వేసి ప్రార్థన అంశాన్ని రాసుకోవాలి, కుడి పేజీని ఖాళీగా వదలాలి. నెలలు గడిచాక ఆ అంశం ఏమైందో కుడివైపు రాయాలి. కొన్ని పేజీలు ఖాళీగానే మిగులుతాయి, కొన్నిటిలో మనం కోరినదానికి విరుద్ధమైన వార్త రాయవలసి వస్తుంది. వాటినీ దాచకుండా రాయాలి. వార్తలు తెలుసుకునే బాధ్యతను ఒక్కరికే, ఆంగ్లం బాగా చదవగలిగినవారికి, అప్పగించాలి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదికలు, దక్షిణ సూడాన్ సంఘాల కౌన్సిలు ప్రకటనలు, నమ్మదగిన వార్తాసంస్థల కథనాలు చూసి ఆయన వారానికి మూడు అంశాలు మాత్రమే తేవాలి. పది తెస్తే ఒక్కదానిమీదా మనసు నిలవదు.

ఆ దేశపు నెలలను బట్టి ప్రార్థించడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. దక్షిణ సూడానులో జీవితమంతా వర్షం రాకపోకల మీద ఆధారపడి ఉంటుంది. దారులు, పంటలు, జబ్బులు, ఘర్షణలు, ఆరాధనకు వచ్చేవారి సంఖ్య సైతం ఏ నెలలో ఉన్నామన్నదాన్ని బట్టి మారుతాయి. అందుచేత ప్రార్థన పట్టికను మన పండుగలను బట్టి కాక, వారి కాలాలను బట్టి రాసుకోవాలి.

డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఎండకాలం. ఊళ్ల చుట్టూ గడ్డి ఎండిపోతుంది గనుక డింకా, నుయేర్, ముర్లే యువకులు పశువులను నది దాపున ఉన్న పచ్చిక నేలలకు తోలుకుపోయి, నెలల తరబడి పశువుల మకాముల్లోనే ఉంటారు. అక్కడ పశువే ఆస్తి. పెళ్లికొడుకు ఇంటివారు పెళ్లికూతురి ఇంటివారికి పశువులను ఓలిగా ఇవ్వాలి, ఆ సంఖ్య పదుల్లో ఉంటుంది. మంద లేని యువకుడికి పెళ్లి లేదు. పొరుగు తెగ మందను దోచుకురావడానికి ఇది ఒక బలమైన కారణం. ఒకప్పుడు బల్లేలతో జరిగిన ఆ దోపిడీలు యుద్ధాల తరువాత తుపాకులతో జరుగుతున్నాయి, పిల్లలను, స్త్రీలను ఎత్తుకుపోవడం కూడా జరుగుతోంది. కనుక జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మకాముల్లోని యువకుల కోసం, వారి మాట వినే తెగ పెద్దల కోసం, పశువుల మధ్యనే గుడిసె వేసుకుని వాక్యం చెప్పే ప్రబోధకుల కోసం ప్రార్థించాలి. తక్కువ వయసులోనే పశువుల కోసం పెళ్లి చేయబడే ఆడపిల్లల కోసం కూడా ఇదే సమయంలో మొరపెట్టాలి.

ఎండకాలం మేలు చేసేది కూడా. మట్టి దారులు తెరుచుకునేది అప్పుడే. ఆహార సంస్థలు వర్షాకాలానికి సరిపడే ధాన్యాన్ని లోపలి ప్రాంతాలకు చేర్చేది, బిషప్పులు దూరపు సంఘాలను దర్శించేది ఆ నెలల్లోనే. లారీలు, పడవలు ఆగకుండా చేరాలని ప్రార్థించడం చిన్న విషయంగా తోచవచ్చు గాని, మార్చిలో చేరని బస్తా తరువాత విమానం నుండి జారవిడవవలసి వస్తుంది. దానికయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఏప్రిల్, మే నెలల్లో వానలు మొదలవుతాయి, జొన్న విత్తుతారు. మహబూబ్‌నగర్‌లోనో కర్నూలులోనో జొన్నరొట్టె తిని పెరిగినవారికి ఆ దేశపు అన్నం పరాయిది కాదు. అక్కడా జొన్నే ప్రధాన ధాన్యం, పులిసిన జొన్నపిండితో పలుచగా పోసే కిస్రా అనే అట్టు జూబా ఇళ్లలో సర్వసాధారణం. విత్తిన నాటి నుండి కోత వరకు, అంటే పాతగింజ అయిపోయి కొత్తగింజ ఇంటికి రాని జూన్, జూలై నెలలు అన్నిటికన్నా కష్టమైనవి. ఇటీవలి సంవత్సరాలలో ఈ నెలల్లో దేశ జనాభాలో సగానికి పైగా తిండికి తీవ్రంగా కటకటపడుతున్నారు. తల్లులు ఆకుకూరలతోను, ముంపు ప్రాంతాల్లో కలువ గింజలతోను పిల్లల కడుపు నింపుతారు. ఉపవాస ప్రార్థన పెట్టుకునే గుంపులు దాన్ని జూన్‌లో పెట్టుకుంటే, ఉపవాసానికీ ప్రార్థన అంశానికీ పొత్తు కుదురుతుంది.

జూలై 9 స్వాతంత్ర్య దినం. 2011లో ఆ రోజున దక్షిణ సూడాన్ ప్రత్యేక దేశమైంది. అంతకుముందు జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 99 శాతం మంది విడిపోవడానికే ఓటు వేశారు. ఆనాటి ఆనందం ఎంత గొప్పదో తెలిస్తేనే తరువాతి దుఃఖం ఎంత లోతైనదో అర్థమవుతుంది. ఆగస్టు నుండి నవంబరు వరకు నైలు వరద వస్తుంది. 2019 నుండి జోంగ్లే, యూనిటీ రాష్ట్రాల్లో వరదనీరు కొన్నిచోట్ల ఏడాది పొడవునా తీయడం లేదు. బెంతియు పట్టణం చుట్టూ మట్టికట్టలు పోసి, వాటి మధ్య లక్షమందికి పైగా బ్రతుకుతున్నారు. ఆ నెలల్లో మలేరియా, కలరా, పాముకాట్లు పెరుగుతాయి. కట్టలు తెగకుండా ఉండాలని ప్రార్థించడం ఎలాగో కృష్ణా, గోదావరి లంక గ్రామాలవారికి నేర్పనక్కరలేదు.

ఈ అంశాల మధ్య స్తుతికి కూడా చోటుంచాలి. ఒక ఉదాహరణ చెబుతాను. నారికురుపు అంటే ఏమిటో మన రాయలసీమ, పాలమూరు పెద్దలకు తెలుసు. దిగుడుబావుల నీటి ద్వారా వచ్చి, కాలిలో నుండి దారంలాంటి పురుగు బయటికి వచ్చే ఆ జబ్బు మన దేశంలో నిర్మూలమైందని 2000లో ధృవీకరించారు. దక్షిణ సూడాన్ ప్రాంతంలో 2006లో ఆ జబ్బు 20 వేలమందికి పైగా ఉండేది. గ్రామ స్వచ్ఛంద సేవకులు ఇంటింటికీ వడపోత గుడ్డలు పంచి, చెరువులకు మందు చల్లి, రోగులను కనిపెట్టి చూసుకోగా, ఇటీవలి సంవత్సరాలలో అది ఏడాదికి వేళ్లమీద లెక్కించదగినంతకు తగ్గింది, 2018లో అయితే ఒక్క కేసు కూడా లేదు. యుద్ధం జరుగుతున్న దేశంలో, దారులు లేని ఊళ్లలో ఇది జరిగింది. దుర్వార్తలు మాత్రమే చదివి ప్రార్థించే గుంపు త్వరగా అలసిపోతుంది. ఇటువంటి సంగతులు వెదికి తేవడం వార్తలు తెచ్చే సహోదరుడి బాధ్యతలో భాగం.

సమాధానం కోసం ప్రార్థించేటప్పుడు

2013 డిసెంబరు 15న జూబాలో మొదలైన కాల్పులు అంతర్యుద్ధంగా మారాయి. అధ్యక్షుడు సల్వా కీర్ డింకా, ఆయనకు ఎదురు నిలిచిన రియెక్ మచార్ నుయేర్ కావడంతో అది తెగల మధ్య చీలికగా కూడా మారింది. 2018 సెప్టెంబరులో శాంతి ఒప్పందం కుదిరింది గాని, దాని అమలు ఏళ్లకేళ్లు సాగుతోంది, ఎన్నికలు పదేపదే వాయిదా పడ్డాయి, 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో ఉంచారు. ఇక్కడ ప్రార్థించేవారు జాగ్రత్తగా ఉండాలి. ఎవరిది తప్పో మనం తీర్పు చెప్పి, ఆ తీర్పును నెరవేర్చమని దేవుణ్ణి అడగకూడదు. రెండు తెగల విశ్వాసులూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందేవారే. రెండు వైపులవారినీ పేరు పెట్టి తలచుకోవాలి. నాయకుల కోసం ప్రార్థిస్తే ఇద్దరి కోసమూ ప్రార్థించాలి.

సంఘం ఆ దేశంలో సమాధానపరచే పని నిజంగా చేసింది కనుక ఈ ప్రార్థనకు ఆధారముంది. 1999లో వున్లిత్ అనే ఊరిలో, సంఘాల కౌన్సిలు చొరవతో, నైలు పశ్చిమ తీరపు డింకా, నుయేర్ పెద్దలు సమావేశమయ్యారు. చనిపోయినవారి గురించి, దోచుకున్న పశువుల గురించి, ఎత్తుకుపోయిన స్త్రీల గురించి ఒకరి ఎదుట ఒకరు రోజుల తరబడి చెప్పుకున్నాక, పచ్చిక బయళ్లను, చేపల మడుగులను పంచుకోవడానికి ఒడంబడిక చేసుకున్నారు. ఒకరి కష్టం ఒకరు పూర్తిగా వినడానికి అన్ని రోజులు ఇవ్వడం నన్ను ఎంతగానో కదిలించింది. 2019 ఏప్రిల్‌లో వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆ దేశపు నాయకుల ముందు మోకాళ్లూని వారి పాదాలు ముద్దుపెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో ఆయన, అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, అప్పటి స్కాట్లాండ్ (ప్రెస్బిటేరియన్) సంఘ మాడరేటర్ ఇయాన్ గ్రీన్‌షీల్డ్స్ కలిసి జూబాకు వెళ్లారు. కతోలికులు, ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు అలా ఒక్కటై నిలబడగలిగితే, మన ఊళ్లో ఈ ప్రార్థన గుంపును వేర్వేరు సంఘాలవారు కలిసి ఎందుకు నడపకూడదో ఆలోచించాలి.

ఉత్తరాన ఉన్న సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక పది లక్షలమందికి పైగా సరిహద్దు దాటి దక్షిణానికి వచ్చారు. వారిలో చాలామంది ఒకప్పుడు దక్షిణం నుండి పారిపోయినవారే. వారు మొదట చేరే రెంక్ పట్టణాన్ని ప్రతి కూడికలోనూ పేరు పెట్టి తలచుకోవచ్చు.

కానుక పంపడం

ఈ విషయంలో తొందర పనికిరాదు. మా గుంపు మొదలైన ఏడాదిలోనే, ఆఫ్రికాలో అనాథాశ్రమం నడుపుతున్నానంటూ ఒక వ్యక్తి ఫోనులో పరిచయమయ్యాడు. పిల్లల ఫొటోలు, వాక్యాలు, కన్నీటి మాటలు పంపాడు. మేము విచారించకుండా డబ్బు పంపాం. తరువాత అవే ఫొటోలు మరొక పేరుతో మరొక సంఘానికి వచ్చాయని తెలిసింది. డబ్బు పోయినదానికన్నా, నిజంగా అవసరంలో ఉన్నవారి మాటను కూడా మావాళ్లు కొంతకాలం నమ్మలేకపోయినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

అప్పటినుండి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. తనంతట తాను సందేశం పంపి డబ్బు అడిగినవారికి పంపకూడదు. వ్యక్తిగత ఖాతాకు పంపకూడదు. ఆ పని ఏ డయాసిస్ లేక ఏ సంఘం ఆధ్వర్యంలో నడుస్తోందో తెలుసుకుని, ఆ పైవారికి నేరుగా రాసి నిర్ధారించుకోవాలి. ఏడాదికి ఒకసారి లెక్కల ప్రతి అడగాలి. అడగడాన్ని అవమానంగా భావించే సంస్థతో పనిచేయకపోవడమే మేలు. మనకు ఇప్పటికే ఉన్న బంధాల గుండా వెళ్లడం అన్నిటికన్నా భద్రం. దక్షిణ ఇండియా సంఘమూ దక్షిణ సూడాన్ ఎపిస్కోపల్ సంఘమూ ఆంగ్లికన్ సహవాసంలో సభ్యులే గనుక, సి.ఎస్.ఐ. వారు తమ బిషప్పు గారి ద్వారా పరిచయం కోరవచ్చు. కతోలికులకు మార్గం ఇంకా సులువు. దక్షిణ సూడాన్‌తో సంఘీభావం అనే పేరుతో అనేక మఠవాస సభలు కలిసి యాంబియోలో ఉపాధ్యాయులకు, వావ్‌లో నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇస్తున్నాయి. బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు సంఘాలవారు తమ ప్రపంచ సమాఖ్యల ద్వారా విచారించాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. భారతదేశంలో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, విరాళం కూడా అందులో చేరుతుంది. పాన్ కార్డు ఉండాలి, బ్యాంకులో ఎ-2 ఫారం నింపాలి. 2025 ఏప్రిల్ నుండి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదనే బ్యాంకు ముందస్తు పన్ను వసూలు చేస్తుంది గనుక చిన్న కానుకలకు ఆ బెడద లేదు. కాని ఈ పథకం వ్యక్తులకు మాత్రమే. ట్రస్టుగా, సొసైటీగా నమోదైన సంఘం తన ఖాతా నుండి ఇలా పంపడానికి వీల్లేదు. సంఘ నిధిని విదేశాల్లో ఖర్చుపెడితే ఆదాయపు పన్ను మినహాయింపుకు చిక్కు రావచ్చు. విదేశాల నుండి వచ్చిన విరాళాన్ని అటు మళ్లించడం మరింత ప్రమాదకరం. కాబట్టి సంఘపెద్దలు ముందుగా ఆడిటరును సంప్రదించి తీరాలి. గల్ఫ్‌లోని మన తెలుగు సహవాసాలవారు ఇంకా జాగ్రత్తపడాలి. యు.ఎ.ఇ.లో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. అమెరికాలో ఉన్నవారు అక్కడ నమోదైన మిషను సంస్థ ద్వారా ఇవ్వడం సులువు.

దేనికి ఇవ్వాలన్నది అక్కడి సంఘమే చెప్పాలి. సాధారణంగా వారు అడిగేవి కాపరుల శిక్షణకు ఫీజులు, విత్తనాలు, పారలు, ఆడపిల్లల చదువు, మాతృభాషలో బైబిళ్లు. పెద్దల్లో మూడింట రెండు వంతులమందికి చదవడం రాదు గనుక వినే బైబిళ్ల అవసరం కూడా ఎక్కువ. అక్కడి కాపరుల్లో అనేకులకు జీతం లేదు, సేద్యం చేసుకుంటూనే సంఘాన్ని కాస్తారు. పాత బట్టల మూటలు మాత్రం పంపవద్దు. ఆ దేశానికి సముద్రమే లేదు. సరుకు మొంబాసా రేవులో దిగి, ఉగాండా దాటి, నిములే నుండి 192 కిలోమీటర్ల రోడ్డు మీద జూబా చేరాలి. ఆ రవాణా ఖర్చుతో జూబాలోనే కొత్త బట్టలు కొనవచ్చు.

సొమ్ము ఎలా కూడబెట్టాలని అడిగేవారికి నాది ఒకటే సలహా. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు పక్కన పెట్టే పద్ధతిని మిజోరం స్త్రీలు నూరేళ్లకు పైగా పాటిస్తూ తమ మిషను పనిని పోషించారు. మన స్త్రీల సమాజాలకు ఆ పద్ధతి తెలియనిది కాదు. ఒక్కసారి వచ్చే పెద్ద కానుక కన్నా ప్రతి నెలా తప్పక వచ్చే చిన్న మొత్తం అక్కడి సంఘానికి ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే దాన్ని నమ్ముకుని వారు ఒక విద్యార్థిని చేర్చుకోగలరు.

సహాయాన్ని, మతమార్పును ఒకదానితో ఒకటి ముడిపెట్టకూడదనే పాఠం మన నేలమీదే ఉంది. 1876 నుండి 1878 వరకు కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం పని తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసమే వస్తున్నారన్న మాట రాకూడదని, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయ పనులు ముగిశాకే ఇవ్వడం మొదలుపెడితే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం పంపే జొన్నబస్తా డింకాకైనా, నుయేర్‌కైనా, సూడాన్ నుండి వచ్చిన ముస్లిం కుటుంబానికైనా ఏ షరతూ లేకుండా అందాలి.

వెళ్లాలనుకునేవారికి

పది రోజుల యాత్రకు దక్షిణ సూడాన్ తగిన చోటు కాదని స్పష్టంగా చెప్పాలి. అతిథికి రక్షణ, వాహనం, నీళ్లు సమకూర్చే భారమంతా అక్కడి సంఘం మీద పడుతుంది. నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవారు, మెట్టసేద్యం తెలిసినవారు, వేదాంత కళాశాలలో బోధించగలవారు రెండేళ్లకు తగ్గకుండా ఉండగలిగితే, అక్కడి సంఘం పిలిస్తే, వెళ్లాలి. వెళ్లేముందు కనీసం పదిరోజుల ముందుగా పసుపు జ్వరం టీకా వేయించుకుని పత్రం తీసుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేస్తారు. ఆ పత్రం లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల క్వారంటైన్ తప్పకపోవచ్చు. మలేరియా మాత్రల సంగతి వైద్యుణ్ణి అడగాలి. జూబా వీధి అరబిక్ కొంతైనా నేర్చుకుంటే ఆంగ్లం రాని తల్లులతో మాట్లాడవచ్చు.

తెలుగు సంఘం ఆఫ్రికాకు మనిషిని పంపడం కొత్త సంగతి కాదు. 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషను నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలోని తెలుగు కూలీల మధ్య సంఘాన్ని స్థాపించారు. ఆనాటి మన సంఘాలు నేటికన్నా ఎంతో పేదవి.

ఫొటోలు, పేర్లు, ఉత్తరాలు

అక్కడినుండి వచ్చిన కాపరి పేరు, ఊరు, ఫొటో మన వాట్సాప్ గుంపుల్లో పెట్టకూడదు. తెగల గొడవల్లో ఒక పేరు ఒక వైపు ముద్ర వేస్తుంది, మనం పంచుకున్న సందేశం ఎక్కడికి చేరుతుందో మన చేతిలో ఉండదు. కూడికలో నోటితో చెప్పి ప్రార్థిస్తే చాలు. ఎముకలు తేలిన పిల్లల బొమ్మలతో కానుకలు రాబట్టే అలవాటును కూడా మానాలి. మన పిల్లల బొమ్మలు అలా ఎవరైనా వాడితే మనం ఒప్పుకోము.

సంబంధం కుదిరిన సంఘానికి మూడు నెలలకు ఒకసారి ఉత్తరం రాయాలి. అందులో డబ్బు ప్రస్తావన ఉండకూడదు. మన వాన సంగతి, మన పంట సంగతి, మన సంఘంలో పుట్టినవారి, పోయినవారి సంగతి రాసి, మా కోసం కూడా ప్రార్థించండని అడగాలి. మేము మొదటిసారి అలా అడిగినప్పుడు, వారి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. మా గుంపులో మోకాలి నొప్పితో బాధపడుతున్న పెద్దావిడ పేరు రాసి, ఆమె కోసం తమ స్త్రీలు ప్రతి బుధవారం ప్రార్థిస్తున్నారని తెలియజేశారు. ఆ ఉత్తరాన్ని నోటు పుస్తకంలో కుడి పేజీకి అంటించుకున్నాం.